ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ తుపాకీ శిక్షణకు వెళ్తే ఏ తరగతిలో కూర్చోవాలి?

ప్రశ్న అడిగిన వారు తిరుపతిలో ఉంటారు. వయసు నలభై మూడు. డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీలో ఉండి, రెండు క్యాంపుల్లో .22 రైఫిల్‌తో కాల్చారు; గ్రూపింగ్, అంటే గుండ్లన్నీ ఒకచోట దగ్గరగా పడటం, బాగుందని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. తరువాత ఇరవై రెండేళ్లు తుపాకీ ముట్టుకోలేదు. ఇప్పుడు పద్నాలుగేళ్ల కూతురితో కలిసి శిక్షణలో చేరాలని ఉంది. తాను నేరుగా రెండో దశలో చేరవచ్చా, లేక అమ్మాయితో పాటు మొదటి తరగతిలోనే కూర్చోవాలా, లైసెన్సు లేకుండా వెళ్లవచ్చా, ముందుగా ఏం కొనుక్కోవాలి అన్నవి వారి సందేహాలు.

సూటిగా చెబుతాను. మీరు మీ అమ్మాయి పక్కనే మొదటి తరగతిలో కూర్చోండి. శిక్షణ పొందడానికి మీ పేరున లైసెన్సు అవసరం లేదు. మొదటి నెల ఏమీ కొనవద్దు. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ కనిపెట్టి చూడాలని శిక్షకుడిగా నన్ను అడిగితే, మీ అమ్మాయిని కాదు, మిమ్మల్ని అంటాను.

ఈ చివరి మాట మీకు నొప్పి కలిగించి ఉండవచ్చు. అందుకని ఎందుకన్నానో వివరిస్తాను. నేను సైన్యంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు జవాన్లకు ఆయుధ శిక్షణ ఇచ్చే ఉస్తాద్‌ని. పదవీ విరమణ తరువాత చంద్రగిరి దగ్గర ఉంటూ పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతున్నాను. బ్యాంకుల్లో గార్డు ఉద్యోగాలకు వెళ్లే మాజీ సైనికులు పన్నెండు బోరు తుపాకీ మీద చేయి మళ్లీ అలవాటు చేసుకోవాలని వస్తే వారికీ సాయపడుతున్నాను. ఇన్నేళ్లలో నా ఎదుట జరగబోయి తప్పిన ప్రమాదాలను లెక్కవేసుకుంటే, వాటిలో కొత్తవారి వల్ల వచ్చినవి తక్కువ. కొత్తవారు భయపడతారు. భయం ఉన్న మనిషి చెప్పిన చోటనే నిలబడతాడు, చెప్పేదాకా వేలు కదపడు. తిరిగి వచ్చిన వారికి ఆ భయం ఉండదు. వారి చేతులకు పని గుర్తుంటుంది కానీ ఆ పనికి ముందు, వెనుక చేయవలసినవి గుర్తుండవు.

ఒక సంగతి చెబుతాను. మీలాగే ఒకప్పుడు ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఉన్న ఒక పెద్దమనిషి, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నవారు, మొదటి పాఠం తనకు అక్కరలేదని నన్ను ఒప్పించారు. పడుకుని కాల్చే భంగిమ చక్కగా పట్టారు. మూడు గుండ్లు కాల్చారు, మూడూ దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆ సంతోషంలో 'చూశారా సార్' అంటూ నా వైపు తిరిగారు. తల ఒక్కటే తిరగలేదు, నడుము దాకా తిరిగింది, నడుముతో పాటు రైఫిల్ కూడా తిరిగింది. గొట్టం పక్క లేన్‌లో పడుకున్న కుర్రవాడి భుజం మీదుగా నా మోకాలి దగ్గరికి వచ్చి ఆగింది. బోల్ట్ (గుండును లోపలికి తోసి మూసే కడ్డీ) మూసి ఉంది, వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. నేను కేకలు వేయలేదు; వంగి గొట్టాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా లక్ష్యాల వెనుక ఉన్న మట్టికట్ట వైపు తిప్పి, బోల్ట్ వెనక్కి లాగాను. నాలుగో గుండు బయటికి వచ్చి చాప మీద పడింది. ఆ మనిషి దాన్ని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఇరవై ఏళ్ల కిందట ఆయన కాల్చినప్పుడు పక్కనే ఒక హవల్దార్ మోకాళ్ల మీద కూర్చుని, అటూ ఇటూ కదలనీయకుండా కనిపెట్టుకుని ఉండేవాడు. ఆ కాపలా ఆయన జ్ఞాపకంలో లేదు. గ్రూపింగ్ మాత్రం ఉంది.

ఎన్‌సీసీ క్యాంపులో మీకు అలవాటైన ఆదేశాలు హిందీలో ఉండేవి: 'భర్', 'ఫైర్', 'ఖాలీ కర్', 'జాంచ్ శస్త్ర్'. క్రీడా రేంజ్‌లో వినబడేవి 'లోడ్', 'స్టార్ట్', 'స్టాప్', 'అన్‌లోడ్'. ఇది చిన్న తేడాగా కనిపిస్తుంది. కానీ 'స్టాప్' అని వినబడిన క్షణంలో, ట్రిగ్గర్ సగం నొక్కి ఉన్న వేలు ఏం చేయాలన్నది ఆలోచించి తేల్చుకునే విషయం కాదు. ఆ మాటకు వేలు తనంతట తానే బయటికి రావాలి. పాత ఆదేశానికి అలవాటుపడిన చేయి కొత్త ఆదేశం విన్నప్పుడు ఒక్క క్షణం వెనుకబడుతుంది. మొదటి తరగతి అవసరం ఆ క్షణాన్ని తగ్గించడానికే.

ఇక చట్టం సంగతి. ఇది పొడిగా ఉంటుంది కానీ తప్పదు.

ఆయుధాల చట్టం 1959 నాటిది. ఇప్పుడు అమలులో ఉన్న నియమాలు 2016లో వచ్చాయి. లైసెన్సు పొందిన షూటింగ్ క్లబ్బులో, శిక్షకుడి పర్యవేక్షణలో, క్లబ్బు ఆయుధంతో అక్కడికక్కడే సాధన చేయడానికి విద్యార్థి పేరున విడిగా లైసెన్సు ఉండనవసరం లేదు. సొంత తుపాకీకి లైసెన్సు కావాలంటే ఇరవై ఒక్క సంవత్సరాలు నిండాలి. అయితే గురి సాధన శిక్షణకు పన్నెండేళ్లు నిండిన పిల్లలను చట్టం అనుమతిస్తుంది. కనుక మీ అమ్మాయి వయసుకు ఇబ్బంది లేదు. మీరిద్దరూ మొదట పట్టేది 4.5 మిల్లీమీటర్ల, అంటే .177 బోరు ఎయిర్ రైఫిల్ అయితే, దాని శక్తి 20 జౌళ్లకు మించనంత వరకు లైసెన్సు ప్రసక్తే రాదు. అంతకంటే పెద్ద బోరు ఉన్నా, శక్తి ఆ హద్దు దాటినా లైసెన్సు కావాలి. 'గాలి తుపాకీయే కదా' అంటూ దుకాణంలో ఎవరైనా పెద్ద బోరు అంటగట్టబోతే తీసుకోకండి.

సొంత తుపాకీ ఆలోచన ఉన్న వారికి ఇంకొక మాట. 2016 నియమాల ప్రకారం లైసెన్సుకు దరఖాస్తు చేసేవారు భద్రతా శిక్షణ పూర్తిచేసి, ఎస్-1 అనే నమూనాలో ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ పత్రం లైసెన్సు కాదు, లైసెన్సు వస్తుందన్న హామీ కూడా కాదు. పోలీసు విచారణ విడిగా జరుగుతుంది, నిర్ణయం లైసెన్సు ఇచ్చే అధికారిది. మన దగ్గర అది కలెక్టరుగారు; 2022 ఏప్రిల్ 4న తిరుపతి విడి జిల్లా అయింది కనుక, తిరుపతి వాసులు చిత్తూరు వెళ్లవలసిన పని ఇప్పుడు లేదు. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. తాతగారి కాలం నుంచి ఇంట్లో తుపాకీ ఉన్న కుటుంబాలు మన వైపు ఉన్నాయి. వారు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు రైతులు కొందరు పంట కాపలా కోసం శిక్షణ అడుగుతూ వస్తారు. పంట రక్షణకు లైసెన్సు ఇచ్చే అవకాశం చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ ఆ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన అడవి జంతువును కాల్చే హక్కు రాదని, 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరుగా ఉందని వారికి మొదటి రోజే చెబుతాను. నాటు తుపాకీ పట్టుకుని నేర్పమని వచ్చేవారిని మాత్రం గడప దాటనీయను.

మంచి శిక్షణను ఎలా గుర్తించాలన్నది మీరు అడగలేదు కానీ అడగవలసిన ప్రశ్న అదే. డబ్బు కట్టే ముందు ఒక ఉదయం ఊరకే వెళ్లి, గంటసేపు వెనుక కూర్చుని చూడండి. చూడనీయమని అన్నారంటే అక్కడ చేరవద్దు. ఎవరైనా లక్ష్యాల దగ్గరికి నడిచి వెళ్లినప్పుడు మిగిలిన వారు తుపాకులు కింద పెట్టి, చేతులు తీసేసి, వెనక్కి జరుగుతున్నారా? లేక ఎవరో ఒకరు 'ఊరికే సైటు సరిచేస్తున్నాను' అని ముట్టుకుంటూ ఉన్నారా? ఈ ఒక్క దృశ్యం చాలు. గోడ మీది పతకాల ఫోటోలు ఎన్ని ఉన్నా ఇంత చెప్పవు. ఒక శిక్షకుడి దగ్గర ఒకేసారి ఎంతమంది కాలుస్తున్నారో లెక్కపెట్టండి. కొత్తవారి తరగతిలో ఒక్కరికి నలుగురు దాటితే నాకు మనసొప్పదు. ఛాంబర్ (గొట్టంలో గుండు కూర్చునే చోటు) ఖాళీ అని చూపే రంగు దారం లేదా జెండా ప్రతి తుపాకీకి ఉందో లేదో చూడండి. పోటీ నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్‌కు అయితే ఆ దారం గొట్టం పొడవునా లోపలికి వెళ్లి రెండో చివర కనబడాలి. అర్థం ఏమిటంటే, గొట్టంలో పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్ గుండు, ఉంటే ఆ దారం దూరదు.

నేనూ మోసపోయాను. సైన్యం వదిలిన కొత్తలో, సివిల్ వాళ్లకు ఎలా నేర్పుతారో చూద్దామని, వేరే ఊర్లో ఒక రెండు రోజుల కోర్సుకు ఫీజు కట్టి వెళ్లాను. పేరు చెప్పను. వెళ్లిన పది నిమిషాల్లో అందరి చేతికీ తుపాకీ ఇచ్చారు, ఫోటోలు తీసుకోమన్నారు. ఒకతను తన స్నేహితుడి వైపు గురిపెట్టి నవ్వుతుంటే శిక్షకుడు కూడా నవ్వాడు. 'ఖాళీదే సార్, ఏం కాదు' అన్నాడు. నేను మధ్యాహ్నం భోజనానికి ముందే బస్సెక్కాను. ఫీజు తిరిగి రాలేదు.

సరైన చోట మొదటి రోజు ఎలా ఉంటుందో చెబుతాను. ఆ రోజు మీరు బహుశా ఒక్క గుండు కూడా కాల్చరు. బల్ల మీద రైఫిల్ ఉంటుంది, గొట్టం గోడ వైపు. శిక్షకుడు బోల్ట్ తెరిచి చూపిస్తాడు. మీరు కళ్లతో చూస్తారు, తరువాత చిటికెన వేలు పెట్టి తడుముతారు. ఆయన దాన్ని పక్కవారికి ఇస్తాడు. వారు మళ్లీ చూస్తారు, మళ్లీ తడుముతారు. మీ దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు, అర నిమిషం కిందట మీరే చూసినదైనా, మళ్లీ చూడాలి. మా ఊరి పిల్లవాడు ఒకడు 'ఇప్పుడే కదా చూశాను సార్' అన్నాడు. 'నీ చేతి నుంచి పోయి వచ్చిందిరా, మధ్యలో ఏమైందో నీకేం తెలుసు' అన్నాను. తుపాకీ ఎప్పుడూ నిండుగానే ఉందని అనుకోవడం, కాల్చకూడని దాని వైపు గొట్టం పెట్టకపోవడం, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయట ఉంచడం, లక్ష్యం వెనుక ఏముందో తెలుసుకోవడం — ఈ నాలుగూ మీకు ఎన్‌సీసీలో చెప్పినవే. అప్పజెప్పమంటే ఇప్పుడు కూడా అప్పజెబుతారు. అయితే అప్పజెప్పే నోరు వేరు, చేసే చేయి వేరు. .22 గుండు చిన్నదే అయినా కిలోమీటరు దాటి పోగలదని తెలిసిన మనిషి కూడా మట్టికట్ట లేని చోట కాలుద్దామనడం నేను విన్నాను.

గుండు పేలకపోతే ఏం చేయాలన్నది కూడా మొదటి రోజు పాఠమే. తిరిగి వచ్చిన వారు ఎక్కువగా మరచిపోయేది ఇదే. ట్రిగ్గర్ నొక్కారు, 'టిక్' అంది, పేలలేదు. వెంటనే బోల్ట్ తీసి గొట్టంలోకి తొంగి చూడాలనిపిస్తుంది. చూడకూడదు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి, కనీసం ముప్పై సెకన్లు ఆగి, చేయెత్తి శిక్షకుడిని పిలవాలి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. ఇంకా ప్రమాదమైనది, శబ్దం ఎప్పటిలా కాక 'తుస్సు'మని రావడం. అప్పుడు గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక ఇంకొకటి కాలిస్తే గొట్టం పగులుతుంది. పాతబడి, తేమ పట్టిన తూటాలతో ఇది జరుగుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల తరువాత, బీరువాలో మగ్గిన పాత తూటాల పెట్టె తెచ్చి 'వీటితో సాధన చేసుకుంటాను' అనేవారిని నేను ఒప్పుకోను.

మాజీ సైనికులు ఈ సమాధానం చదువుతూ ఉంటే వారికి ఒక పేరా. అన్నలారా, మనం ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ అనే సైనిక రైఫిళ్ల మీద పెరిగిన వాళ్లం. బ్యాంకు వాళ్లు చేతికి ఇచ్చేది రెండు గొట్టాల పన్నెండు బోరు. దానికి మ్యాగజైన్ లేదు, చాలా వాటికి రెండు ట్రిగ్గర్లు ఉంటాయి. మడత విప్పి రెండు ఛాంబర్లలోకీ చూస్తే తప్ప అది ఖాళీ అని చెప్పలేం. మ్యాగజైన్ తీస్తే సగం పని అయినట్టు భావించే అలవాటు మన చేతిలో ఉంది. ఇక్కడ ఆ అలవాటుతో పని జరగదు. నా దగ్గరికి వచ్చిన ఒక సుబేదార్ గారు, నాకంటే పై హోదాలో చేసినవారు, తొలిసారి రెండు వేళ్లూ రెండు ట్రిగ్గర్ల మీద పెట్టారు. రెండు గొట్టాలూ ఒకేసారి పేలితే ఆ తన్ను ఎలా ఉంటుందో ఆయన భుజానికి వారం రోజులు గుర్తుంది. కుందాకూ (తుపాకీ వెనుక భుజానికి ఆనే భాగానికీ) భుజానికీ మధ్య వేలెడు సందు ఉంచారు, అది ఇంకొక తప్పు. కుందా భుజానికి గట్టిగా ఆనితే తోస్తుంది, సందు ఉంటే గుద్దుతుంది. ఆయన మరుసటి రోజు వచ్చి, తనంతట తానే మొదటి వరుసలో కుర్రవాళ్ల పక్కన కూర్చున్నారు. నాకు ఆయన మీద గౌరవం అప్పుడు రెట్టింపైంది.

ఇప్పుడు మీ వయసు విషయం. నలభై దాటాక మారేది ధైర్యం కాదు, కన్ను. గురి చూసేటప్పుడు స్పష్టంగా కనబడవలసినది ఫోర్‌సైట్ (గొట్టం ముందు చివర ఉండే గురి గుర్తు), లక్ష్యం కాదు. లక్ష్యం కొంచెం మసకగా ఉన్నా పరవాలేదు. ఫోర్‌సైట్ అంచు మసకబారితే గుండు చెదురుతుంది. ఇరవై ఏళ్ల కన్నుకు దగ్గర వస్తువు మీద చూపు నిలపడం కష్టమే కాదు. నలభై మూడేళ్లకు కంటి లోపలి కటకం బిగుసుకుపోయి, పేపరు చదవడానికే చేయి చాచే రోజులు మొదలవుతాయి. నేను నలభై ఆరో ఏట పిస్టల్ పట్టుకుని, ఒక నెలంతా గ్రూపింగ్ పాడైపోతుంటే తుపాకీని అనుమానించాను, పెల్లెట్లను అనుమానించాను, చివరికి నా మణికట్టును అనుమానించాను. తిరుపతిలో కళ్లద్దాలు ఇచ్చే ఆయన దగ్గరికి వెళ్లి, చాచిన చేతి దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనబడేలా ఒక కంటికి అద్దం చేయించుకున్నాక సమస్య తీరింది. ఇది చదువుకునే అద్దం కాదు, దూరపు అద్దమూ కాదు. ఆ కొలతకు ప్రత్యేకంగా చేయించుకోవాలి. రెండు పవర్లు కలిపిన కళ్లద్దంతో కాల్చబోతే తలను పైకీ కిందికీ ఆడిస్తారు, మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు.

చెవి సంగతీ అంతే. ఎన్‌సీసీలో మన చెవుల్లో దూది పెట్టుకోమనేవారు, చాలామందికి అదీ ఉండేది కాదు. .22 శబ్దం కూడా 130 డెసిబెళ్లు దాటుతుంది. పన్నెండు బోరు ఇంకా చాలా ఎక్కువ. అలా పోయిన వినికిడి తిరిగి రాదు. నా ఎడమ చెవిలో ఇరవై నాలుగు గంటలూ కీచురాయి అరుస్తూనే ఉంటుంది. మూసిన గదిలో కాల్చేటప్పుడు చెవిలో బిరడా, పైన చెవులను కప్పే మఫ్ రెండూ పెట్టుకోండి. కళ్లకు అద్దాలు ఎయిర్ రైఫిల్‌తో కూడా కావాలి, ఎందుకంటే పెల్లెట్ గట్టి వస్తువుకు తగిలి వెనక్కి ఎగురుతుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి. పిల్లలు వాటిని పంటి మధ్య పట్టుకోవడం చూశాను. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కునే దాకా ఇడ్లీ పొట్లం విప్పనీయకండి.

కొనుగోలు విషయంలో ఎందుకు ఆపుతున్నానంటే, కొత్తగా చేరేవారు మొదటి వారంలో కొనేవి మూడో నెలలో అమ్ముకుంటారు. పోటీలకు వాడే దిగుమతి ఎయిర్ రైఫిల్ లక్షల్లో ఉంటుంది. స్ప్రింగుతో పనిచేసే దేశీయమైనది కొన్ని వేలల్లో దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ధర ఒక్కటే కాదు. పోటీ రైఫిల్‌లో పెల్లెట్ లేకుండా వట్టి ట్రిగ్గర్ సాధన చేసే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగు రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా కాలిస్తే లోపలి పిస్టన్‌కు ఆపే గాలి ఉండక నేరుగా గుద్దుకుంటుంది, నాలుగు రోజుల్లో సీలు పోతుంది. పాతది కొనేవారు గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడాలి; తయారీదారులు సాధారణంగా పదేళ్లు గడువు ఇస్తారు, అది దాటిన సిలిండర్‌తో పోటీకి వెళ్లనివ్వరు, ఇంట్లో నింపుకోవడం కూడా క్షేమం కాదు. మొదటి నెలకు కావలసినవి బిగువైన చదునైన అడుగు ఉన్న బూట్లు, చేతులు ఎత్తినా పైకి జరగని చొక్కా, ఒక నోటు పుస్తకం. వేసవిలో అయితే ఉదయం ఏడింటికే వెళ్లండి. రేకుల షెడ్డు కింద మన ఎండకు చెమట కంట్లో పడితే ఫోర్‌సైట్ కనబడదు.

ఆ నోటు పుస్తకం గురించి కొంచెం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది అంకె చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. పోటీలో అరవై షాట్లకు డెబ్బై ఐదు నిమిషాలు ఇస్తారు. బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ పది మీటర్ల మీదే, లండన్‌లో 2012లో హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ దీని మీదే. ఆ చుక్కను మీరు కొట్టాలని నేను అనడం లేదు. గుండ్లు ఎక్కడ పడ్డాయన్నది కాక, ఎంత దగ్గరగా పడ్డాయన్నది రాసుకోండి. దగ్గరగా పడి పక్కన ఉంటే అది సైటు సంగతి, దాన్ని ఒక తిప్పుతో సరిచేయవచ్చు. చెల్లాచెదురుగా ఉంటే అది మన సంగతి, సైటు తిప్పితే తీరదు. తిరిగి వచ్చిన వారు మొదటి ఐదు గుండ్లకే సైటు తిప్పడం మొదలుపెడతారు. దయచేసి ఆ స్క్రూ జోలికి పోవద్దు.

చెదరడానికి పెద్ద కారణం, శబ్దం రాబోతుందని శరీరం ముందే బిగుసుకోవడం. నా పద్ధతి పాతది: ఖాళీ రైఫిల్ గొట్టం మీద, ఫోర్‌సైట్ వెనుక, ఒక రూపాయి బిళ్ల పెడతాను. బిళ్ల పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. డిగ్రీ చదివే ఒక అమ్మాయి, అంతకుముందు తుపాకీని సినిమాల్లో తప్ప చూడనిది, రెండో వారానికి వరుసగా ఇరవై సార్లు బిళ్ల పడకుండా నొక్కింది. ఆమెతో పాటు చేరిన మాజీ క్యాడెట్‌కు నెల పట్టింది, ఎందుకంటే ఆయన వేలికి ట్రిగ్గర్‌ను 'లాగడం' అలవాటైపోయింది. ముందు దాన్ని మరచిపోవాలి, తరువాత నొక్కడం నేర్చుకోవాలి. ఇంట్లో ఇలా సాధన చేసేటప్పుడు తూటాలు గానీ పెల్లెట్లు గానీ ఆ గదిలోనే ఉండకూడదు. .22 రైఫిల్‌ను శిక్షకుడిని అడగకుండా ఖాళీగా కొట్టకండి, చాలా వాటిలో ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ అంచును తాకి దెబ్బతీస్తుంది.

మన ఊరి వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. రేంజ్ నుంచి బయలుదేరే ముందు సంచి, జేబులు, బండి డిక్కీ అన్నీ దులపండి. గుర్తుగా దాచుకున్న ఒక్క తూటా, లేదా జేబు కుట్టులో చిక్కిన ఒక్క గుండు, మరుసటి శనివారం అలిపిరి తనిఖీలో బయటపడితే ఆ రోజు దర్శనం సంగతి దేవుడెరుగు. కొండ మీదికి లైసెన్సు ఉన్న ఆయుధాన్ని కూడా అనుమతించరు. రేణిగుంట విమానాశ్రయంలో లైసెన్సు లేని వారి సంచిలో తూటా దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. 'మరచిపోయాను సార్' అన్న మాటను పోలీసులు రాసుకుంటారు కానీ వదిలిపెట్టరు. నేను ఇంట్లో రేంజ్ సంచిని వేరుగా, మేకుకు తగిలించి ఉంచుతాను. అందులో పండ్లు గానీ బట్టలు గానీ పెట్టడానికి మా ఇంట్లో ఎవరికీ అనుమతి లేదు.

మీ అమ్మాయి విషయం చివరికి వదిలాను. ఆమెను మీరు సరిదిద్దవద్దు. ఒకే లేన్‌లో ఇద్దరు గురువులు ఉంటే పిల్లలు తండ్రి మాట వింటారు, ఆ క్షణంలో శిక్షకుడి 'స్టాప్' వినబడదు. వీలైతే మీ ఇద్దరికీ వేరు వేరు లేన్లు అడగండి, మధ్యలో ఒకరు ఉండేలా. పోటీ ఎయిర్ రైఫిల్ బరువు ఐదున్నర కిలోల దాకా ఉండవచ్చు. పద్నాలుగేళ్ల నడుముకు అది భారం కనుక మొదట బల్లకు ఆనించి కాల్చనివ్వాలి, నిలబడి కాల్చడానికి తొందరపెట్టకూడదు. వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చేయండి. ఆమెను రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, ఆ సందులోంచి గోడ మీది గడియారాన్ని రెండు కళ్లతో చూడమనండి. తరువాత ఒక్కొక్క కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులో నిలిచి ఉందో అది ఆమె గురి కన్ను. కుడిచేతి వాటం ఉన్న పిల్లల్లో కొందరికి ఎడమ కన్ను ముందుంటుంది. అలా తేలితే మొదటి రోజే శిక్షకుడికి చెప్పండి. ఎడమ భుజానికి సరిపడే కుందా ఉన్న రైఫిల్ క్లబ్బులో ఒకటో రెండో ఉంటాయి, ముందుగా అడిగితేనే తీసి పెడతారు.